ముందు పైకప్పు, తర్వాతే బల్లలు: ఒక ఇంజనీరింగ్ కాలేజీ క్లాస్‌రూమ్ కేస్ స్టడీ

మాది కోస్తాలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ. నేను సివిల్ డిపార్ట్‌మెంట్‌లో స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ చెబుతాను, బిల్డింగ్ కమిటీలోనూ ఉన్నాను. రెండూ ఒక్కరి దగ్గరే ఉండటంతో ఈ గది పని నా మెడకు చుట్టుకుంది. ఫస్టియర్ డ్రాయింగ్ చాలావరకు ఆటోక్యాడ్ మీదకు వెళ్ళిపోయాక పాత డ్రాయింగ్ హాలు దుమ్ముపట్టిన బోర్డులకు గోడౌనుగా మిగిలింది. సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ లెక్కల్లో మామూలు క్లాస్‌రూమ్‌కు 66 చదరపు మీటర్లు, డ్రాయింగ్ హాలుకు 132. సరిగ్గా రెట్టింపు. సెకండియర్‌లో పాలిటెక్నిక్ డిప్లొమా చేసి ఈసెట్ రాసి వచ్చే పిల్లలు కలిశాక సెక్షన్ 66 మందికి చేరుతుంది. అందరినీ ఈ హాలులో కూర్చోబెట్టినా మనిషికి 2 చ.మీ. వస్తుంది. మామూలు గదిలో అది ఒక్క చదరపు మీటరే. పిల్లలు గుంపులుగా కూర్చుని పని చేసే క్లాసు మా కాలేజీలో సాధ్యమైతే ఇక్కడే సాధ్యం.

మేనేజ్‌మెంట్ దృష్టిలో మాత్రం ఇది 'స్మార్ట్ క్లాస్‌రూమ్'. కోర్సులకు అక్రెడిటేషన్ ఇచ్చే ఎన్‌బీఏ టీమ్ వచ్చేలోపు ఒక పెద్ద ఇంటరాక్టివ్ ప్యానెల్, చక్రాల కుర్చీలు, గోడలకు రంగురంగుల స్టిక్కర్లు కావాలి. వెండర్ కొటేషన్‌లో డబ్బంతా ప్యానెల్‌కూ కుర్చీలకే పోయింది. వాళ్ళిచ్చిన త్రీడీ బొమ్మలో టీచర్ మళ్ళీ ప్యానెల్ పక్కనే నిలబడి ఉన్నాడు, పిల్లలందరూ మళ్ళీ అటే చూస్తున్నారు. పాత క్లాసుకే కొత్త చొక్కా తొడిగారన్నమాట.

నేను కమిటీ ముందు రెండే ప్రశ్నలు పెట్టాను. అరవై ఆరు మంది ఒకేసారి మాట్లాడుకుంటే, ఎదురుగా కూర్చున్నవాడి మాట వినబడుతుందా? ఏ పిల్లాడి భుజం వెనక్కైనా టీచర్ వెళ్ళి నిలబడగలడా? ఈ రెంటికీ అవునని చెప్పగలిగితే తతిమ్మావన్నీ మెల్లగా కొనుక్కోవచ్చు. చెప్పలేకపోతే ఎంత పెద్ద ప్యానెల్ పెట్టినా అది సినిమా హాలే.

ఇలాంటి గదులకు దారి వేసింది నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ. 1990ల్లో అక్కడ రాబర్ట్ బైక్నర్ ఫిజిక్స్ క్లాసు కోసం స్కేల్-అప్ అనే పద్ధతి తయారుచేశాడు: ఏడడుగుల గుండ్రటి బల్ల, ఒక్కో బల్లకు తొమ్మిది మంది, వాళ్ళలో ముగ్గురేసి ఒక జట్టు. తర్వాత ఎంఐటీలో జాన్ బెల్చర్ బృందం విద్యుదయస్కాంతత్వం కోర్సుకు అదే దారి పట్టి పదమూడు బల్లలతో టీల్ గది కట్టింది. అక్కడ మొదట్లో పిల్లలే ఎదురు తిరిగి, మాకు లెక్చర్లే కావాలని 2003లో సంతకాలు సేకరించారు. ఈ సంగతి మా ప్రిన్సిపాల్‌గారికి ముందే చెప్పి పెట్టాను, ఎందుకంటే మా దగ్గరా అదే జరుగుతుందని తెలుసు. జరిగింది కూడా. ఆ మాట తర్వాత.

శబ్దం సంగతి ముందు. ఖాళీ హాలులో నిలబడి ఒక్క చప్పట్టు కొడితే ఆ మోత గోడల మధ్య తిరిగి తిరిగి ఆరిపోవడానికి చాలాసేపు పట్టేది. కింద మొజాయిక్, చుట్టూ సిమెంట్ ప్లాస్టరింగ్, పైన ఆర్‌సీసీ స్లాబు. ధ్వనిని పీల్చే వస్తువు ఒక్కటీ లేదు. డ్రాయింగ్ క్లాసుకు ఇది అడ్డు కాలేదు, తలొంచుకుని గీసుకునే పిల్లలకు మాటలతో పనేముంది?

అసలు గదిలో మోత లెక్క పుట్టిందే ఒక యూనివర్సిటీ క్లాస్‌రూమ్ పుణ్యాన. 1895లో హార్వర్డ్ కొత్తగా కట్టుకున్న ఫాగ్ మ్యూజియం లెక్చర్ హాలులో ఎవరేం చెబుతున్నారో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఫిజిక్స్‌లో పనిచేస్తున్న వాలెస్ సబైన్ అనే కుర్ర అధ్యాపకుడికి దీని సంగతి చూడమని అప్పగించారు. పలికిన మాట అయిదున్నర సెకన్ల దాకా గదిలోనే తిరుగుతుండేది. ఆయన రాత్రిపూట శాండర్స్ థియేటర్ సీట్ల మెత్తలు మోయించుకొచ్చి, ఎన్ని మెత్తలు పరిస్తే మోత ఎంత తగ్గుతుందో కొలిచాడు. ఆ కొలతల్లోంచి వచ్చిన సూత్రమే ఇప్పటికీ మనం వాడేది: గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గదిలోని మొత్తం శోషణతో (గదిలో ఉన్నవన్నీ కలిపి ధ్వనిని ఎంత పీలుస్తాయో ఆ లెక్కతో) భాగిస్తే మోత ఆరే సమయం సెకన్లలో వస్తుంది.

మా హాలు 12 మీటర్లు × 11 మీటర్లు, ఎత్తు 3.6. ఘనపరిమాణం 475 ఘనపు మీటర్లు. నేల, గోడలు, స్లాబు కలిపి 430 చ.మీ. ఉన్నా, అవి పీల్చేది నూటికి మూడు నాలుగు పాళ్ళే కాబట్టి శోషణ 17 దగ్గర ఆగిపోతుంది. లెక్క కడితే నాలుగున్నర సెకన్లు. మనుషులూ ధ్వనిని పీలుస్తారు, తలకు సుమారు 0.4 చొప్పున, క్లాసు నిండితే సమయం 1.8కి దిగుతుంది. ఒక్కరే మాట్లాడే లెక్చర్‌కే అది ఇబ్బంది. ఆరుగురేసి కూర్చునే పదకొండు బల్లల దగ్గర పదకొండు మంది ఒకేసారి మాట్లాడితే? పక్క బల్ల మోతను దాటడానికి ప్రతి బల్లా గొంతు పెంచుతుంది, దాన్ని దాటడానికి పక్క బల్ల ఇంకాస్త పెంచుతుంది. కాసేపటికి అది చేపల బజారు. టీచర్ విసిగి "సైలెన్స్" అని అరుస్తాడు, మర్నాటి నుంచి మళ్ళీ లెక్చరే. గ్రూప్ వర్క్ మన పిల్లలకు పడదని తేల్చేసిన చాలా చోట్ల తప్పు పిల్లలది కాదు, స్లాబుదని నా అనుమానం.

అమెరికాలో బడి గదులకు రాసుకున్న ప్రమాణం ఈ సైజు గదికి 0.7 సెకన్లు అడుగుతుంది, అదీ గది ఖాళీగా ఉన్నప్పుడు. ఖాళీ గదిలో ఫ్యాన్లు, ఏసీలు, బయటి రొద కలిపి వినబడే చప్పుడు 35 డెసిబెల్స్ దాటకూడదని కూడా అందులో ఉంది. ఏప్రిల్‌లో కోస్తాలో ఫ్యాన్లు ఆపి పాఠం చెప్పడం ఎవరి తరమూ కాదు కనుక ఆ రెండో షరతు మనకు వర్తించదని వదిలేశాను. మొదటిది వదల్లేదు.

కాంట్రాక్టర్ రాగానే అన్న మాట "ఫాల్స్ సీలింగ్ వేసేద్దాం సార్, జిప్సమ్ బోర్డు." సాదా జిప్సమ్ బోర్డు, దాని మీద పుట్టీ, పెయింటు. చూడ్డానికి బాగుంటుంది, ధ్వనిని మాత్రం స్లాబు లాగే వెనక్కి కొడుతుంది. పైగా ఫ్యాన్లకు రాడ్లు పొడిగించాలి, ఉన్న ఎత్తు తగ్గుతుంది. అది వద్దని, బీమ్‌లకూ బీమ్‌లకూ మధ్య ఉన్న స్లాబు అడుగుకు చెక్క రీపర్లు కొట్టించి, వాటి మధ్య సన్నటి రాక్‌వూల్ (రాతి పోగుల దూది) పరిచి, పైన వుడ్‌వూల్ బోర్డులు (చెక్క పీచును సిమెంటుతో అదిమి చేసినవి) స్క్రూలతో బిగించాం. బీమ్‌లు అలాగే కనబడతాయి, ఫ్యాన్ హుక్కులు ఉన్నచోటే ఉంటాయి. వెనక గోడకు తలుపు ఎత్తుకు పైన కూడా ఇవే బోర్డులు. రాక్‌వూల్ ఎక్కడా బయటికి కనబడకుండా చూసుకోవాలి, ఆ పోగులు ఒంటికి తగిలితే దురద. లెక్క ప్రకారం ఖాళీ గదిలో మోత 0.8 సెకన్ల దగ్గరికి, పిల్లలు కూర్చుంటే 0.6 దగ్గరికి వచ్చింది. ఖాళీ గదికి అడిగిన 0.7 కాస్తలో తప్పింది, అంతకు మించి లాగలేదు. మధ్యలో ఒకాయన కోడిగుడ్ల అట్టలు అంటిద్దామని సలహా ఇచ్చారు. యూట్యూబ్ ఇచ్చిన జ్ఞానం అది. ఆ పల్చటి అట్ట మాట ధ్వనిని పీల్చేది అంతంతమాత్రం, పైగా నిప్పంటుకుంటే ఆపలేం.

కుర్చీల సంగతి ఒక్క ముక్కలో: చక్రాలు వద్దన్నాను. నాలుగు కాళ్ళ స్టీల్ కుర్చీ, ప్రతి కాలికీ రబ్బరు బుష్. ఆ బుష్ లేకపోతే మొజాయిక్ మీద కుర్చీ జరిపినప్పుడల్లా పళ్ళు గిలపెట్టే చప్పుడు. బుష్‌లు ఊడిపోతుంటాయి, స్టోర్‌లో ఒక సంచీ అదనంగా పెట్టుకోవాలి.

ఏడడుగుల గుండ్రటి బల్ల మన దగ్గర కుదరదు. ప్లైవుడ్ షీటు ఎనిమిదడుగులు × నాలుగడుగులు. గుండ్రటి బల్లకు రెండు షీట్లు అతకాలి, మూలలన్నీ వృథా. ఆ బల్ల తలుపులోంచి లోపలికి రావడం ఇంకో కథ. మా కార్పెంటర్ మేస్త్రీ దగ్గర కూర్చుని అట్టముక్కలు కత్తిరించి చూశాం. షడ్భుజిని సగానికి కోస్తే రెండు ట్రెపీజియంలు. భుజం 27 అంగుళాలు పెట్టుకుంటే ట్రెపీజియం ఎత్తు 23.4 అంగుళాలు వస్తుంది, అంటే 48 అంగుళాల షీటు వెడల్పులో రెండు వరసలు పడతాయి. వరసలో ఒకటి నిటారుగా, ఒకటి తలకిందులుగా పెడితే 94.5 అంగుళాలు, షీటు పొడవు 96. "ఒక షీటుకి నాలుగు ముక్కలండి, రంపం పోటుకి కూడా చోటుంది" అన్నాడు మేస్త్రీ, గీతలు గీసి చూసుకుని. నాలుగు ముక్కలంటే రెండు పూర్తి బల్లలు, పన్నెండు మంది. మొత్తం క్లాసుకు పైపలకలు ఆరు షీట్లలోపే తేలిపోయాయి. ఒక్కొక్కరికి 27 అంగుళాల అంచు, నోట్‌బుక్కూ క్యాలిక్యులేటరూ పట్టడానికి చాలు. బల్లకు ఆరుగురు, ఎదురెదురు ముగ్గురేసి రెండు జట్లు.

హాలును నాలుగు × మూడు గళ్ళుగా విభజించాం. పదకొండు గళ్ళలో బల్లలు, పన్నెండోది టీచర్‌ది. కుర్చీలు వెనక్కి జరిపితే ఒక్కో బల్ల 2.6 మీటర్ల చోటు తింటుంది. పొడుగు వైపు గడి 3 మీటర్లే కాబట్టి అటు బల్లల మధ్య మనిషి పక్కకు తిరిగి వెళ్ళేంత సందే మిగిలింది. వెడల్పు వైపు 1.1 మీటర్లు వచ్చింది, వీల్‌ఛైర్ కూడా పోతుంది. రెండు వైపులా విశాలంగా కావాలంటే మనిషికి 2 చ.మీ. చాలదు. అయితే ప్రతి బల్లా ఏదో ఒక పెద్ద దారిని ఆనుకుని ఉంది, అంటే టీచర్ అందుకోలేని కుర్చీ లేదు. లాస్ట్ బెంచ్ అనేది ఈ హాలులో భౌతికంగానే లేదు.

ఆరుగురు చుట్టూ కూర్చుంటే ఎప్పుడూ ఇద్దరి వీపులు తెరవైపే ఉంటాయి. అందుకని ప్రొజెక్టర్లు రెండు, ఎదురెదురు గోడల మీద, రెంటిలోనూ ఒకటే బొమ్మ. ప్యానెల్ డబ్బులో ఇది చిన్న ముక్క. నేలలో ప్లగ్ పాయింట్లు పెట్టనివ్వలేదు. మన దగ్గర గదులు తడిగుడ్డతో తుడుస్తారు, బకెట్ ఒలికితే ఎవరిది బాధ్యత? స్తంభాలకు మాత్రమే సాకెట్లు.

గోడల మీదే అసలు క్లాసు జరుగుతుంది. బల్లకొక బోర్డు, నాలుగడుగుల చదరం, ప్లైవుడ్ మీద తెల్లటి గ్లాసీ సన్‌మైకా. అసలు వైట్‌బోర్డు కంటే బాగా చవక. కొన్నాళ్ళకు గీతలు పడి పాత రాతలు నీడల్లా మిగులుతాయి, అప్పుడు సన్‌మైకా మార్చుకోవడమే. మార్కర్ల దగ్గర ఒక చిక్కు వచ్చింది. మార్కర్లకు ఇండెంట్ పెట్టాలి, ఇండెంట్ మీద హెచ్‌ఓడీ సంతకం కావాలి, స్టోర్ కీపర్ ఆ రోజు సెలవు. ఇంత ఖర్చు పెట్టిన గదిలో ఇంకు లేక క్లాసు ఆగింది. ఇప్పుడు ఇంకు సీసాలు, మార్కర్లు హాలులోనే బీరువాలో ఉంటాయి, తాళం సెక్షన్ సీఆర్ (క్లాస్ లీడర్) దగ్గర.

డయాస్ తీసేయడం మీద జరిగినంత చర్చ మరి దేని మీదా జరగలేదు. "లెక్చరర్ కింద నిలబడితే ఇంక గౌరవం ఏముంటుందండీ?" అన్నారు ఒక సీనియర్ ప్రొఫెసర్. ఆయన బాధ ఉత్తదేం కాదు, ముప్పై ఏళ్ళు ఆ గట్టు మీద నిలబడి చెప్పినాయన. ఒప్పించడానికి గౌరవం గురించి వాదించలేదు. డయాస్ ఉంటే టీచర్ గడితో పాటు ఒక బల్ల గడి కూడా పోతుందని, పోతే ఆరుగురికి చోటుండదని ప్లాన్ చూపించాను. అంతటితో సరిపోయింది.

ఎగ్జామ్ బ్రాంచ్ మాత్రం అంత తేలిగ్గా దిగిరాలేదు. మిడ్ పరీక్షలకు సీటింగ్ ప్లాన్‌లో ప్రతి గదీ లెక్కలోకి వస్తుంది. షడ్భుజి బల్ల దగ్గర ఆరుగురిని కూర్చోబెట్టి పరీక్ష రాయించలేరు కదా. బల్లలు విడదీసి అరబల్లకు ఒక్కరిని వేస్తే 22 మందే పడతారు, ఇంత పెద్ద హాలులో. చివరికి ఈ హాలును సీటింగ్ ప్లాన్ నుంచే తీసేశారు, బదులుగా సెమినార్ హాలు వాళ్ళకు వెళ్ళింది. ఇలాంటి గది కట్టాలనుకునేవాళ్ళు ఆర్కిటెక్ట్ దగ్గరికి వెళ్ళేముందు ఎగ్జామ్ బ్రాంచ్‌తోనూ టైమ్‌టేబుల్ ఇన్‌ఛార్జ్‌తోనూ కూర్చోవాలి. హాలు వేరే బ్లాకులో ఉంది. యాభై నిమిషాల పీరియడ్‌లో వచ్చేసరికి, సర్దుకునేసరికి నలభై మిగులుతాయి. అందుకే ఇక్కడ సింగిల్ పీరియడ్ ఇవ్వకూడదని, వరసగా రెండేసి పీరియడ్లు ఇవ్వాలని రాయించుకున్నాం.

ఒక క్లాసు ఎలా నడుస్తుందో చెబుతాను. సింప్లీ సపోర్టెడ్ బీమ్ (రెండు చివర్లా సపోర్టుల మీద ఊరికే ఆనించిన దూలం), పొడవు 6 మీటర్లు, ఎడమ సపోర్ట్ నుంచి 2 మీటర్ల దగ్గర 30 కిలోన్యూటన్ల లోడు. బీమ్‌ను కోసే బలం (షియర్ ఫోర్స్), వంచే ప్రభావం (బెండింగ్ మూమెంట్) ఎక్కడెంతో చూపే డయాగ్రమ్‌లు గీయాలి. ఇంతే ఇచ్చి నేను తిరుగుతూ ఉంటాను. ఒక బల్లవాళ్ళు గబగబా బోర్డు మీద గరిష్ఠ మూమెంట్ 45 అని, బీమ్ మధ్యలో శిఖరం గీసేశారు. డబ్ల్యూఎల్ బై 4, అంటే లోడును పొడవుతో గుణించి నాలుగుతో భాగించడం, ఇంటర్‌లో ఫార్ములాలు బట్టీ పట్టిన అలవాటు. పక్క బోర్డు మీద 40, శిఖరం లోడు కింద. నేనేమీ అనలేదు. రెండు బోర్డులూ పక్కపక్కనే ఉన్నాయి, చూపులు వాటంతటవే వెళ్ళాయి.

"ఒరేయ్, డబ్ల్యూఎల్ బై ఫోర్ లోడు సెంటర్‌లో ఉంటేనే రా. ఇది సెంటర్‌లో ఎక్కడుంది?"

"మరి మాక్సిమమ్ ఎక్కడొస్తుంది?"

"షియర్ సైన్ ఎక్కడ మారిందో చూడు. ఎడమ రియాక్షన్ ఇరవై. ఇరవై ఇంటూ రెండు."

మొదటి బల్లవాడు మధ్యలో మూమెంట్ మళ్ళీ కట్టి చూశాడు, కుడి రియాక్షన్ 10, దూరం 3, 30 వచ్చింది. తుడిచేశాడు. లెక్చర్‌లో ఇదే తప్పు వాడి నోట్‌బుక్‌లో మిడ్ దాకా భద్రంగా ఉండేది, నేను దిద్దేటప్పుడు కనబడేది. గోడ మీద రాయించడం వల్ల లాభం ఇదే, తప్పు అప్పటికప్పుడు బయటపడుతుంది, దాన్ని పట్టుకునేది కూడా తోటివాడే.

పై మాటల్లో ఇంకోటి కూడా గమనించండి. బల్ల దగ్గర మాట తెలుగులో నడుస్తుంది, బోర్డు మీద రాత ఇంగ్లీషులో. జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివి, పాలిటెక్నిక్ చేసి ఈసెట్‌లో వచ్చిన పిల్లలు లెక్చర్‌లో నోరెత్తరు, ఇంగ్లీషులో డౌట్ అడగాలంటే భయం. బల్ల దగ్గర వాళ్ళే పెద్దన్నలు, డిప్లొమాలో ఈ లెక్కలు ఒకసారి చేసేసి వచ్చారు కదా. ఈ పిల్లల్ని ఒకే బల్లకు వేయకుండా బల్లకొకరిని పంచాను. ఆడపిల్లల విషయంలో మాత్రం ఉల్టా. ఆరుగురిలో ఒక్క అమ్మాయిని ఒంటరిగా వేయను, కనీసం ముగ్గురు, లేదా మొత్తం బల్ల వాళ్ళదే. మిన్నెసోటాలో ఫిజిక్స్ బోధన మీద పరిశోధించిన హెల్లర్, హొల్లబాగ్ 1992లోనే ఇది చూశారు: ఇద్దరబ్బాయిలు, ఒక అమ్మాయి ఉన్న జట్టులో ఆమె చెప్పింది సరైనదైనా అబ్బాయిల మాటే చెల్లుతుండేది. మా కాలేజీలో అబ్బాయిలు ఒక వైపు, అమ్మాయిలు ఒక వైపు కూర్చునే ఆనవాయితీ వల్ల ఒకరిద్దరు తల్లిదండ్రులు ఫోన్ చేసి అడిగారు. ప్రిన్సిపాల్‌గారు ల్యాబ్ బ్యాచ్‌లను చూపించి సర్దిచెప్పారు.

ఇక పిల్లల తిరుగుబాటు. మా దగ్గర సెమిస్టర్ మధ్యలో ఆన్‌లైన్ ఫీడ్‌బ్యాక్ ఉంటుంది, ఇంక్రిమెంట్లు దాని మీదే ఆధారపడతాయి. "సార్ ఏమీ చెప్పడం లేదు, మమ్మల్నే చేయమంటున్నారు" అని వచ్చింది, ఒకరిద్దరి దగ్గర్నుంచి కాదు. హార్వర్డ్‌లో 2019లో అచ్చంగా ఇదే కొలిచారు: ఫిజిక్స్ పిల్లలు తమంతట తాము పనిచేసిన క్లాసుల్లో ఎక్కువ నేర్చుకున్నారు, కానీ తక్కువ నేర్చుకున్నామని అనుకున్నారు. నున్నగా సాగే లెక్చర్ వింటే అంతా వచ్చేసినట్టే ఉంటుంది మరి. ఈ హాలులో చెప్పేవాళ్ళ ఫీడ్‌బ్యాక్‌ను మొదటి రెండు సెమిస్టర్లు ఇంక్రిమెంట్‌కు లెక్కించవద్దని మేనేజ్‌మెంట్‌ని అడిగాను. 2014లో 225 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు ఫెయిలయ్యేవాళ్ళు లెక్చర్‌లో 33.8 శాతం, ఇలాంటి క్లాసుల్లో 21.8 శాతం అని తేలిన సంగతి అప్పుడే వాడాను. పాస్ శాతం అంటే మేనేజ్‌మెంట్‌కు వెంటనే అర్థమవుతుంది. ఒక్క సెమిస్టర్‌కు ఒప్పుకున్నారు.

గది మారితే టీచర్ మారతాడా? మిన్నెసోటా యూనివర్సిటీలో ఒకే అధ్యాపకుడు ఒకే కోర్సును రెండు రకాల గదుల్లో చెప్పినప్పుడు, మామూలు గదిలో ఎక్కువసేపు పోడియం దగ్గర లెక్చర్ ఇచ్చాడని, బల్లల గదిలో ఎక్కువ తిరిగాడని అక్కడి పరిశోధకుడు బ్రూక్స్ రాశాడు. మా అనుభవం సగం అలాగే ఉంది. సిలబస్ అవ్వదన్న భయం ఉన్నవాళ్ళు ఇక్కడికొచ్చి కూడా యాభై నిమిషాలు ఏకబిగిన చెప్పేశారు, అప్పుడు ఇది మామూలు గది కంటే అధ్వాన్నం, పిల్లల మెడలు పట్టేస్తాయి. మిడ్‌కు రెండున్నర యూనిట్లు అవ్వాలంటే అన్ని టాపిక్‌లూ బల్లల దగ్గర చేయించలేం, నిజమే. నేను థియరీ డెరివేషన్లు చాలావరకు నోట్స్‌గా ముందే ఇచ్చేసి, ప్రాబ్లమ్స్ మాత్రం ఇక్కడ చేయిస్తాను. ఇప్పుడు హాలును డిపార్ట్‌మెంట్లకు వంతులేసి ఇవ్వడం మానేసి, అడిగినవాళ్ళకే ఇస్తున్నారు.

ఫలితాల శాతాలు ఇక్కడ ఇవ్వడం లేదు. బ్యాచ్ మారింది, పేపర్ మారింది, తేడాను గదికి అంటగట్టడం న్యాయం కాదు. ఎంఐటీలో హాజరు పెరగడాన్ని పెద్ద విజయంగా చెప్పుకున్నారు. మా దగ్గర 75 శాతం హాజరు లేకపోతే డిటెన్షన్ కాబట్టి పిల్లలు ఎలాగూ వస్తారు, ఆ కొలత మాకు పనికిరాదు. నాకు పనికొచ్చేది ఆన్సర్ షీట్లలో కనబడింది: బెండింగ్ మూమెంట్ ప్రశ్నకు తెల్ల కాగితం వదిలేసేవాళ్ళు తగ్గారు. తప్పు గీసినా ఏదో ఒకటి గీస్తున్నారు, దిద్దడానికి చేతికి ఒక తీగ దొరుకుతోంది.

ఇప్పుడు ఎలక్ట్రానిక్స్ (ఈసీఈ) డిపార్ట్‌మెంట్‌వాళ్ళు తమకూ ఇలాంటిది కావాలంటున్నారు. వాళ్ళకున్నది 66 చ.మీ. మామూలు గదే, షడ్భుజి బల్లలు అక్కడ పట్టవు. బెంచీలు అవే ఉంచి నేలకు కొట్టిన బోల్టులు కోయించమన్నాను. డయాస్ తీసేసి ఆ చోటుకు బెంచీలు జరిపితే మధ్యలో టీచర్ నడవడానికి దారి వస్తుంది. ఒక వరస విడిచి ఒక వరస వెనక్కి తిప్పితే ముగ్గురికి ముగ్గురు ఎదురుపడతారు. పక్క గోడలకు సన్‌మైకా బోర్డులు. ముందు స్లాబుకు వుడ్‌వూల్ కొట్టించండి, మిగతా డబ్బుతోనే ఇవన్నీ చూసుకోండి అని రాసిచ్చాను. దసరా సెలవుల్లో పని మొదలవుతుంది. కొటేషన్‌లో మళ్ళీ ఇంటరాక్టివ్ ప్యానెల్ వచ్చింది, కొట్టేసి పంపాను.